నాలుగు నూలు పోగులు

ధర్మవరం బస్టాండు ఎదురుగా ఒక కాఫీ హోటలు ఉండేది. డెబ్బైల చివర్లో, ఎనభైల మొదట్లో నేను రోజూ పొద్దున మగ్గం గుంతలో దిగే ముందు ఒక గంట అక్కడ కూర్చునేవాణ్ణి. హోటలుకు ఒకటే పేపరు వచ్చేది. దాన్ని విడదీసి తలా ఒక షీటు పట్టుకునేవాళ్ళం. ఎవరి చేతిలో ఏ షీటు ఉంటే ఆ పొద్దుకు వాడు ఆ విషయంలో పండితుడు. వాన ఎందుకు రాలేదన్న దగ్గర మొదలైన మాట, సంకటి ముద్ద ఎట్లా కెలకాలన్న దాకా పోయేది. వాదించేవాళ్ళలో ఎక్కువమంది బస్సు కోసం కాచుకున్న పరాయి ఊరి మనుషులు. అరగంటలో బస్సెక్కి పోయేవాడితో వాదించడం సుఖం. మళ్ళీ వాడి ముఖం చూసే పని లేదు.

తప్పు మాట చెవిన పడితే ఊరుకోవడం నాకు చేతకాదు. దానికి నేను తిన్న దెబ్బలన్నీ నాకు గుర్తున్నాయి. ముదిగుబ్బ నుంచి వచ్చిన గొర్రెల ఆసామి ఒకడు, బయట కట్టేసిన పొట్టేలును చూపి దానికి రెండు పండ్లే అన్నాడు. నేను లేచిపోయి దాని నోరు తెరిచి చూశాను. నాలుగు. "నాలుగప్పా" అన్నాను, అంతే. "నేసేటోనికి గొర్రె నోట్లో ఏం పనిరా?" అని చేతి కర్రతో మోకాలి కింద కొట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పామిడి ఆయన ఒకడు పెన్నలో నీళ్ళు పారి మూడేళ్ళయిందన్నాడు. రెండేళ్ళే అని చెప్పినందుకు కాలే కాఫీ నా ఎదమీద విసిరాడు. మా మేనత్తది పామిడే. నీళ్ళొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాళ్ళిద్దరిలో ఒక్కడూ తన మాట తప్పని ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి. వానలు లేక బావులన్నీ అడుగంటిన ఒక ఎండాకాలం. హోటల్లోకి ఇద్దరు వచ్చారు. ఒకాయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు. రెండోవాడు ఆయన బావమరిది, మెడ కనబడని మనిషి. రైల్వే ఉద్యోగి చెల్లెలి పెళ్ళికి చీర కొనడానికి వచ్చారట. అంగట్లో కాకుండా నేరుగా నేతగాడి ఇంట్లోనే కొన్నామని ఆయనే గొప్పగా చెప్పి, బల్ల మీద పేపరు పరిచి చీర విప్పాడు. ఎర్ర చీర, పచ్చ అంచు. నేత బాగుంది. ఎవరు నేశారో చెప్పగానే నాకు తెలిసింది. మా వెనక వీధి ఆయనే. నాకంటే పదేళ్ళు పెద్ద. ఎదురుపడితే "ఏమన్నా" అంటే "ఏమప్పా" అనుకునేంత పరిచయం.

"అసలు పట్టు యాడైనా కనుక్కోవచ్చు," అన్నాడు రైల్వే ఆయన నలుగురికీ వినబడేట్టు. "పోగు కాలిస్తే కాగితం కాలిన వాసన రావల్ల. అదే గుర్తు."

"కాదన్నా," అన్నాను పక్క బల్ల మీద నుంచి. "కాగితం వాసన నూలుకు వస్తాది. పట్టు కాలితే ఎంటికలు కాలిన కంపు."

"నీకెవురు చెప్పినార్రా?"

"చెప్పేదేముంది? పుట్టినప్పటి నుంచి దాంట్లోనే ఉండాను."

"గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చునేటోనివి, నాకు చెప్పొచ్చినావే!"

అందరూ నవ్వారు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టే మా తాత, నాయన, నేను బతికాం. ఆ మాటను నేను ఈ రోజుకీ క్షమించలేదు.

"అయితే కాల్చు," అన్నాను. "ఈడనే కాల్చు. అందురూ చూస్తాండారు."

ఆయన చీర కొస పట్టుకుని ఆ కొసలోనే అడ్డంగా ఒక పోగు లాగాడు. నేనే అగ్గిపుల్ల గీశాను. పోగు చుర్రుమని అంటుకుని తెల్లటి బూడిదైంది. పక్కనున్నవాళ్ళంతా ముక్కులు ముందుకు చాచారు. కాగితం కాలిన వాసన.

"చూసినావా!" అని ఆయన తొడ చరిచాడు. "కాగితమే!"

నేను అక్కడ ఆగి ఉంటే ఆయన ఆ సంతోషంతోనే బస్సెక్కి పోయేవాడు. పెళ్ళి జరిగేది, ఆ పిల్ల చీర కట్టుకునేది. కానీ ఆయన చెప్పిన గుర్తు తప్పు, నేను చెప్పింది ఒప్పు. అది హోటల్లో అందరికీ తెలియాలి.

"అదే నేను చెప్తాండేది," అన్నాను. "కాగితం వాసన వచ్చిందంటే అది పట్టు కాదు, నూలు. నిన్ను మోసం చేసినారన్నా."

ఇడ్లీలు తింటున్న ఒక ముసలాయన, "రైలంత పొడుగు మాట్లాడి ఒక్క పోగు కాడ పట్టాలు తప్పె గదప్పా!" అన్నాడు. హోటలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆగక ముందే రైల్వే ఆయన నా చెంప పగలగొట్టాడు. నేను చేతిలో ఉన్న గ్లాసు ఆయన నుదుటి మీద వేశాను. గాజు పగిలింది, నెత్తురు కనుబొమ మీదుగా కారింది. బావమరిది పొయ్యి దగ్గర పేర్చిన తుమ్మకట్టె ఒకటి లాగి నా నోటి మీద కొట్టాడు. ముందు పన్ను ఒకటి నాలుక మీద పడింది. బల్ల కిందికి దొర్లాను. డొక్కలో రెండు తన్నులు పడ్డాయి. పట్టుకున్నవాళ్ళు కూడా నన్నే పట్టుకున్నారు, వాళ్ళను కాదు. అది కూడా నాకు గుర్తుంది.

రైల్వే ఆయన చీర ఉండ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "పదరా, వాని ఇంటికి పోదాం," అన్నాడు. ఇద్దరూ వెనక వీధికి నడిచారు. తుమ్మకట్టె బావమరిది చేతిలోనే ఉంది. నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెనకే పోయాను. ఎందుకు పోయానంటే, నా మాట నిజమని ఆయన కళ్ళతో చూస్తుండగా నేను అక్కడ ఉండాలి.

నేతగాడు మగ్గంలో కూర్చుని ఉన్నాడు. ముందరోజే కొత్త పడుగు ఎక్కించినట్టున్నారు. మూడు చీరలకు సరిపడే ఎర్ర పట్టు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగించి ఉంది. రైల్వే ఆయన విసిరిన చీర నేతగాడి ముఖాన వచ్చి పడింది.

"నూలు కలిపి పట్టని అమ్ముతావా?"

"నూలేందప్పా? యాడుండాది నూలు?"

"కొస పోగు కాల్చినాం. కాగితం వాసన. అడుగు, మీ వోడే చెప్పినాడు."

నేతగాడు కొస పట్టుకుని చూశాడు. అర్థమైనట్టుంది, కొంచెం నవ్వాడు కూడా. "అది పట్టు కాదప్పా. చీర మొదులుపెట్టేటప్పుడు నాలుగు పోగులు నూలు కొడతాం, పేక గట్టిగా కూర్చోవల్లని. ఆ నాలుగే నూలు. మిగిలినదంతా పట్టే. నడిమధ్య యాడైనా లాగి చూడు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. నువ్వూ నేసేవోనివే గదా."

ఆ నాలుగు పోగులు నేనూ కొడతాను. మా నాయన కొడతాడు. మా వీధిలో ప్రతి మగ్గం మీదా కొడతారు. వారానికి ఒకసారి నా చేతులు చేసే పని, హోటల్లో అగ్గిపుల్ల గీస్తుంటే నాకు గుర్తు రాలేదు.

అవునన్నా, తప్పు నాది అంటే అయిపోయేది. రైల్వే ఆయన నా వైపే చూస్తున్నాడు. నుదుటి నెత్తురు ఇంకా ఆరలేదు. గుంతలో కాళ్ళు పెట్టుకునేవాడన్న నోటితోనే ఇంకోసారి నవ్వుతాడు. హోటలు నుంచి వెంట వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా నోట్లో నెత్తురు ఊరుతోంది. దాన్ని మింగి, నేల చూశాను.

"చెప్పప్పా!" అన్నాడు నేతగాడు మళ్ళీ.

చెప్పలేదు.

బావమరిది కట్టె ఎత్తాడు. నేతగాడు తలకు చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. నేసిన చీర కోయడానికి మగ్గం పక్కనే కత్తి ఉంటుంది. రైల్వే ఆయన అది అందుకుని పడుగు మీద అడ్డంగా గీశాడు. బిగించిన పట్టు తెగిన చప్పుడు పెద్ద గుడ్డ చింపినట్టు ఉంటుంది. సగం పోగులు ఆ గోడకు, సగం నేతగాడి ఒడిలోకి ఎగిరి పడ్డాయి. గుంతలో నుంచి లేవబోయిన మనిషి ఆ దారాల మధ్యే మళ్ళీ కూలబడ్డాడు.

అప్పుడు నేతగాడి భార్య లోపలి నుంచి వచ్చింది. కింద పడిన చీర తీసుకుని నడిమధ్య ఒక పోగు పంటితో తెంపింది. పొయ్యిలో నుంచి నిప్పుకణిక పట్టుకారుతో తెచ్చి ఆ పోగు మీద ఆనించింది. ఎంటికలు కాలిన కంపు ఇల్లంతా నిండింది.

"మూసి చూడప్పా," అంది, కాలిన పోగు రైల్వే ఆయన ముక్కు దగ్గర పెట్టి. "బాగా మూసి చూడు."

రైల్వే ఆయన వాసన చూశాడు. కత్తి కింద పెట్టాడు. చీర మడతలు సరిచేసి, చంకలో పెట్టుకుని, బావమరిదిని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. నా నోటా రాలేదు.

నాలుగు రోజులు హోటలుకు పోలేదు. పంటి సందు వాచి గంజి తప్ప ఏమీ దిగలేదు. వీధిలో అడిగినవాళ్ళతో, పట్టు కాలితే ఏ వాసన వస్తుందో నేను చెప్పింది నిజమేనని వాదించాను. ఐదో రోజు నాయన కొత్త చీర మొదలుపెట్టాడు. నూలు పోగులు నాలుగు కొట్టాడు. నాలుగోది కొట్టి ఆగి నా వైపు చూశాడు.

"ఆ పొద్దు నోరు యాడ పెట్టుకున్నావురా?"

"నేను చెప్పిన వాసన నిజమే గదా నాయనా..."

అడ్డం పోగు నడిపే నాడె తీసి విసిరాడు. దాని ఇనుప ముక్కు నా కనుబొమ మీద దిగింది. మా నాయన నన్ను కొట్టడం అదే చివరిసారి. ఆ దెబ్బ గురించి నాకు ఫిర్యాదు లేదు.

నెత్తురు తుడుచుకుని వెనక వీధికి పోయాను. నేతగాడి చేతికి పుత్తూరు కట్టు వేశారు. నేను అడగలేదు, ఆయన రమ్మనలేదు. బూడిద పళ్ళెం ముందు పెట్టుకుని, తెగిన పడుగు కింద కూర్చుని, పోగు పోగూ అతకడం మొదలుపెట్టాను. వేల పోగులు. వేళ్ళకు బూడిద రాసుకోవడం, రెండు కొసలు కలిపి మెలిపెట్టడం, పక్కదానికి పోవడం. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఎండాకాలం, నీళ్ళ కుండ పక్కనే ఉంది. ఒక్క పూటైనా తాగుతావా అని అడగలేదు. ఇది కూడా నేను మరిచిపోలేదు.

చివరి రోజు ఆయన ఒంటి చేత్తో మగ్గంలోకి దిగి కాలి కింది చెక్క తొక్కి చూశాడు. పడుగు విచ్చుకుంది. కొస నుంచి కొస దాకా వేలు పెట్టి నడిపాడు.

"ఏడు పోగులు తప్పు కట్టినావు," అన్నాడు. అదే మొదటి మాట.

నేను వంగి చూశాను. ఒక్కొక్కటే లెక్కపెట్టాను. తప్పు కట్టినవి మూడు. మిగతా నాలుగూ సరిగ్గా ఉన్నాయి. నోరు తెరిచాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు, ఆ రోజు చెప్పప్పా అన్నప్పుడు చూసినట్టే.

నోరు మూసుకున్నాను. ఏడూ విప్పి మళ్ళీ కట్టాను.

తప్పు మూడే. ఆయనకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.