టీచరుగారు చెప్పిన అబద్ధం

రాజోలు బ్యాంకులో నేను కౌంటర్ మీద ఉండగా మా లెక్కల టీచరుగారు డిపాజిట్ తీసేస్తానని వచ్చారు. ప్రైవేటు స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు, పింఛను లేదు. ఒంటరి మనిషి. చేతిలో ఫోను లైనులోనే ఉంది.

"గడువింకా ఉంది కదండీ?" అన్నాను.

"ఇల్లు బాగు చేయించాలమ్మా."

మొహమంతా చెమటలు. "ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తున్నారాండీ?" అని కూడా అడిగాను.

"నా డబ్బు తీసుకోడానికి నీకు సంజాయిషీ చెప్పాలా?"

క్లాసులో మమ్మల్ని హడలెత్తించిన గొంతే. తలొంచుకుని, ఆవిడ రాసిచ్చిన ఖాతాకి పంపేశాను.

మర్నాడు బ్యాంకు తలుపులు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందని, తాము పోలీసులమని చెప్పి, ఎవరో రెండు రోజులు వీడియో కాల్ ముందు నుంచి కదలనివ్వలేదట. డబ్బు అందగానే ఫోను పెట్టేశారట.

"నీకు నిజం చెబితే నిన్నూ ఇందులో ఇరికిస్తామన్నారమ్మా. అందుకే చెప్పలేదు."



వెంటనే ఫిర్యాదు చేశాం. డబ్బు వేరే రాష్ట్రంలోని ఖాతాకి చేరి, అక్కణ్ణుంచి ముక్కలుముక్కలై ఎటో పోయింది. ఆ బ్యాంకువాళ్లు పోలీసుల లెటరు కావాలన్నారు. స్టేషన్‌కి వెళితే, "పంపేమండీ, వాళ్లే జవాబివ్వట్లేదు" అన్నారు. ఫోను కంపెనీ లెక్కలో, ఆవిడకి ఫోన్ చేసిన సిమ్ము ఒక కూలీది. తన పేరున సిమ్ముందని అతనికే తెలియదు.

కొన్ని నెలలకి అమలాపురంలో పోలీసులు, బ్యాంకులు, ఫోను కంపెనీలు కలిసి ఒక సదస్సు పెట్టారు. టీచరుగార్ని నేనే తీసుకెళ్లాను. ఇకమీదట అందరం ఒక్కటై పనిచేస్తామని వేదిక మీద చేతులు కలిపి ఫొటో దిగారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. ఆవిడ లేచారు.

"నా ఫిర్యాదు మీ ముగ్గురిలో ఎవరి దగ్గరుందండీ?"

మైకు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారింది. చివరికి ఒకాయన, "పరిశీలనలో ఉందండీ మేడమ్" అన్నారు.

"ఆయ్" అని తలూపి కూర్చున్నారు టీచరుగారు.

తిరిగొస్తుంటే బస్సులో, "నేను ఆపాల్సిందండీ" అన్నాను.

"నేను ఆపనిచ్చేనా?" అని కిటికీ వైపు తిరిగిపోయారు.

నిందితుల ఆచూకీ తెలియలేదని, కేసు మూసేశామని పోయిన నెల కాగితం వచ్చింది. ఆవిడిప్పుడు రోజూ బస్సెక్కి మామిడికుదురు వెళ్లి, ఒక చిన్న స్కూల్లో మళ్లీ లెక్కలు చెబుతున్నారు. నిలబడితే కాళ్లు వాస్తున్నాయని కుర్చీలో కూర్చునే చెబుతారట.