పది నిమిషాల వరహాలు

చేపలరేవు దగ్గర ఆటో తోలే వరహాలుకు చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది గాని, నోరు మాత్రం ఏ స్టాండులోనూ ఆగలేదు. గోపాలపట్నంలో కానిస్టేబులు ఊదిన ఈల ఎన్ఏడీ కూడలి దాకా పరిగెత్తితే గాని తన బండిని అందుకోలేకపోయిందని చెప్పేవాడు. పెద్ద తుఫాను నాడు గాలి తన ఆటోని ఎత్తుకెళ్లి సింహాచలం కొండ మీద దించితే, దర్శనం చేసుకుని, ఇద్దరు పాసింజర్లను ఎక్కించుకుని మరీ దిగానన్నది ఇంకో కథ. ఏ కథలోనైనా విశాఖపట్నం అతనికి పది నిమిషాల ఊరు.

ఆ కథలు నమ్మేవాడు రేవంతటికీ ఒక్కడే, అక్క పోతమ్మ మొగుడు దొరబాబు. ఇద్దరు లాగే వల ఒక్కడే లాగే మనిషి.

మొన్న మార్చిలో పొద్దున్న ఆరింటికి దొరబాబు బోటు ఒడ్డుకొచ్చింది. చేపలు దించుతూ దించుతూ గుండె మీద చెయ్యేసుకుని బుట్ట పక్కన కూలబడ్డాడు. ఎడమ రెక్క లాగేస్తోందన్నాడు. చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయింది. ఆస్పత్రికి పోదామని పోతమ్మ తొందరపెట్టింది. వేలంపాట అయ్యాక చూద్దామన్నాడు దొరబాబు. ఇద్దరూ వరహాలు మొహం వైపు చూశారు.

"నా బండుండగా కంగారేటప్పా? ఎప్పుడంటే అప్పుడు, పది నిమిసాల్లో దించేత్తాను," అన్నాడు అక్కతో.

ఆ మాటతో పోతమ్మ తగ్గింది. పాట అయింది. సోడా తాగారు. ఇంటికెళ్లి దొరబాబు స్నానం చేసి నడుం వాల్చాడు. వరహాలు మంచం పక్కన కూర్చుని సింహాచలం కథ మళ్లీ ఎత్తుకుంటే బావ నవ్వాడు కూడా. పదింటికి ఆ నవ్వుకు ఊపిరి చాలలేదు.

అప్పుడు తోలాడు. పెద్దాసుపత్రి గేటు దగ్గర ఫోను చూసుకుంటే తొమ్మిది నిమిషాలు. జన్మలో అతను చెప్పిన లెక్కల్లో నిజమైంది అదొక్కటే. ఎంతసేపయిందని డాక్టరమ్మ అడగ్గానే, రొప్పుతూనే, కాస్త గర్వంగానే చెప్పాడు.

"తొమ్మిది నిమిసాలండి."

"బండి సంగతి కాదయ్యా. నొప్పి ఎప్పుడు మొదలైంది?"

వెనకనుంచి పోతమ్మే "ఆరింటికి" అంది.

మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. ప్రాణం దక్కింది. కాని ఆ నాలుగు గంటలూ రక్తం అందక గుండెలో పెద్ద ముక్కే చచ్చిపోయిందనీ, నొప్పి రాగానే తెచ్చుంటే చాలావరకు మిగిలేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇక వల ముట్టుకోవద్దంది.

పోతమ్మ తమ్ముణ్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుణ్ణని అతనింకా చూస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు దొరబాబు రోజూ పొద్దున్నే రేవుకొచ్చి, ఆటో వెనక సీట్లో కూర్చుని బోట్లు చూస్తాడు. కాసేపయ్యాక ఏదైనా కథ చెప్పమంటాడు. వరహాలు మొదలెడతాడు గాని, కొండ దిగే చోటికి రాగానే కథ ఆపి ఆటో అద్దం తుడుస్తాడు.

"ఎంతసేపట్లో దిగీసినావురా? పదేనా?" అని దొరబాబే ముచ్చటగా అందిస్తాడు.



"లేదు బావా," అంటాడు వరహాలు. "సాలా సేపు పట్టింది."