బియ్యం చెరిగే బొమ్మ

రాజాంలో మోటార్లకు వైండింగ్ కట్టడం నా పని. చదివింది ఐదో తరగతి, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా వీధిలో అమ్మవారి సంబరానికి ఊరేగే బండి మీద కదిలే బొమ్మలు పెడతారు. ఏటా విజయనగరం నుంచి అద్దెకు తెచ్చేవారు. ఆ ఏడాది బొమ్మ నేను చేస్తానని వీధి పెద్ద దగ్గరికి వెళ్లాను. వరసకు ఆయన నాకు మావ.

"ఒరే, ఫ్యాన్లు బాగుసేసుకునేవోడివి, నీకు బొమ్మలెందుకురా?" అన్నాడు. మళ్లీ తనే, "సంబరం ముందురోజు సూపించు. బాగుంటే నీదే ఎక్కిస్తాను. నేకపోతే విజయనగరం ఫోన్ సేసేస్తాను" అన్నాడు.

బియ్యం చెరిగే మనిషిని చేశాను. ఒంటికి వెదురు బద్దలు, లోపల కారు వైపర్ మోటారు, సైకిల్ చైను. మా ఆవిడ పాత చీర కట్టాం. స్విచ్ వేస్తే చేట పైకీ కిందికీ చక్కగా ఆడింది. నా మేనత్త కూతురే మా ఆవిడ. నా దగ్గర తనకు మొహమాటం లేదు.

"ఏటి బావా ఇది? బియ్యం సెరుగుతందా, పిల్లని ఊపుతందా?"

"సేట కదుల్తంది కదే."

"కదిలితే సాలేటి? ఎగరేసినాక గింజ తిరిగొచ్చీదాకా సేట ఆగాల. నేకపోతే అన్నీ నేల మీదే."

చేట తెచ్చి నా ఎదుట కూర్చుని చెరిగింది. ఇన్నేళ్లూ ఆ అన్నమే తింటున్నాను, ఆ చేతుల్ని ఎప్పుడూ చూడలేదు. చేట ఎగిరి, ఒక్క క్షణం నిలిచి, గింజను అందుకుని మెత్తగా దిగుతోంది. నా మోటారుకు తిరగడమే తెలుసు, ఆగడం తెలీదు.

బొమ్మ చేతిని ఎత్తే చెక్క చక్రం తీసేసి, ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉండేలా కొత్తది కోశాను. మొదటిసారి చేట ఎగిరి షాపు ముందు కాలవలో పడింది. అంచు ఇంకా అరగదీశాను. చివరికి మోటారు తిరుగుతూనే ఉంది, చేట మాత్రం పైన కాస్త నిలిచింది.

సంబరం ముందురోజు మావ, వీధిలోవాళ్లూ షాపు ముందు చేరారు. స్విచ్ వేశాను. మావ మొహం చూసే ధైర్యం లేక మోటారు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఇంతలో మావ వాళ్లమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి బొమ్మ ముందు నిలబడింది. చేట ఎగిరినప్పుడల్లా కళ్లు మూసుకుంటోంది. చేటలో ఒక్క గింజ కూడా లేదు.

"ఒసే, ఊక నా మొకాన పడతంది. అటు తిరిగి సెరుగు" అంది.

మావ చాలాసేపు నవ్వాడు.

"బండికి ముందర ఇదే కట్టండిరా" అన్నాడు. "మా యమ్మని మాత్రం ఎనకాల నిలబెట్టండి."