కుడి గట్టు

మంగళవారం ఉదయం పదకొండూ అయిదు అని జీపు లాగ్‌బుక్కులో రాసి, సంతకం పెట్టి దిగాను. గట్టు మీద ఇరవై అడుగులు నడిచి ఉంటాను. ఇనప కడ్డీతో కొట్టిన దెబ్బకు నా ఎడమ భుజం ఎముక విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ చెవి దాటి పైకి లేవదు.

కొట్టినవాడు రిటైరైన లస్కరు. లస్కరంటే కాలువ మీద తూములూ గేట్లూ చూసుకునే మనిషి. ఆ కడ్డీ గేటు తిప్పేది. ఎందుకు కొట్టాడో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

అప్పటికి నా ఉద్యోగం ముప్ఫై మూడేళ్ళ నాలుగు నెలలు. ప్రాంతీయ ప్రణాళిక నా పని. చివరి ఆరేళ్ళు కాలువల బాగుచేత కూడా నా చేతిలోనే ఉండేది. విజయవాడలో మురుగంతా కలుపుకుని, పాలిథిన్ సంచులూ ఆస్పత్రి చెత్తా మోసుకుని ఆ కాలువ పామర్రు వైపు వెళ్తుంది. ఆ నీళ్ళే దిగువ ఊళ్ళ మంచినీళ్ళ చెరువుల్లోకి ఎక్కుతాయి. ప్రతి నెలా ఒకటో తారీకున పదకొండు చోట్ల నేనే దగ్గరుండి పరీక్షకు సీసాల్లో నీళ్ళు పట్టించేదాన్ని. మురుగు కాలువలు మళ్ళించాలి, గుర్రపుడెక్క తీయాలి, అడుగున పూడిక ఎత్తిపొయ్యాలి. పూడిక తీసే యంత్రాలు నిలబడటానికి ఒక గట్టు ఖాళీ కావాలి.

కుడి గట్టు మీద నలభై ఒక్క ఇళ్ళున్నాయి. వాళ్ళందరికీ వేరేచోట ఇళ్ళు కట్టించాకే కదిలించాం. ఆదివారం సాయంత్రానికి తలుపులూ రేకులూ ఊడదీసుకుని వెళ్ళిపోయారు. ఎడమ గట్టు మీద ముప్ఫై ఎనిమిది ఇళ్ళు. వాటి జోలికి రామని మూడుసార్లు నేనే అక్కడ నిలబడి చెప్పాను.

నా ఉత్తర్వుల్లో ఎప్పుడూ సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు వరసగా ఉంటాయి. ఆ సోమవారం జాబితా టైపు కాలేదు. కాలువకు నీళ్ళు కట్టేసిన రోజులు అయిపోవస్తున్నాయి, మళ్ళీ నీళ్ళు వదిలితే ఏడాది పోతుంది. జాబితా పొద్దున పంపవచ్చులే అనుకుని "కుడి గట్టు మీది కట్టడాలు తొలగించాలి" అని రాసి సంతకం పెట్టాను. నీళ్ళ శాఖలో కుడి అంటే నీళ్ళతో పాటు నడిచే మనిషికి కుడి. ముప్ఫై మూడేళ్ళలో ఆ సంగతి నేనెవరికీ విడమరిచి చెప్పవలసి రాలేదు.

పని మీద వెళ్ళిన రెవెన్యూ అధికారి కాలువలు లేని ప్రాంతం నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. మంగళవారం పొద్దున్నే యంత్రాన్నీ పోలీసులనీ వెంటబెట్టుకుని పామర్రు వైపు నుంచి వచ్చాడు. అంటే నీళ్ళు పారే దిక్కుకు ఎదురుగా. ఆయన కుడి చేతి వైపున్నది కాలువకు ఎడమ గట్టు. ఎదుటి గట్టు మీద తలుపుల్లేని గోడలు చూసి అటు పని అయిపోయిందనుకున్నాడు.

అక్కడ ఏం జరిగిందో తర్వాత అయిదుగురిని విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. ముందు అడ్డం వెళ్ళింది లస్కరే.

"సార్, ఇది ఎడమ గట్టండీ. తమరు ఎదురు తిరిగి నిలబడ్డారు."

"కుడి చెయ్యేదో నాకు నువ్వు చెప్తావా?" అని అధికారి చెయ్యి ఎత్తి చూపించాడు.

"మీ కుడి కాదండీ, కాలువ కుడి. నీళ్ళెటు పోతే అటు మొహం పెట్టి చూడాలండీ."

"కాలువలో నీళ్ళేవయ్యా అసలు?"

అది నిజమే. కాలువ ఎండి ఉంది. లస్కరు కూడా చెయ్యి ఎత్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఎవరి కుడి చెయ్యి వాళ్ళు ఎత్తుకుని నిలబడ్డారు. గుంపులోంచి ఎవరో అన్నారు: "సారు గారికి అన్నం తినే చెయ్యేదో ఇంటికెళ్ళి అడిగి రమ్మనండ్రా."

జనం నవ్వారు. ఆ నవ్వు లేకపోతే ఆయన నాకు ఫోను చేసేవాడేమో. చెయ్యి దించి యంత్రం డ్రైవరుకు సైగ చేశాడు.

ఏడో ఇల్లు లస్కరుది. ఆయన భార్య బియ్యం డబ్బా తెచ్చుకుందామని మళ్ళీ లోపలికి వెళ్ళింది. వెనక గోడ లోపలికి కూలి ఆమె కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. ఆమె కేక విన్న తర్వాత అక్కడ ఎవరి మాటకూ ఎవరూ ఆగలేదు. డ్రైవరును కిందికి లాగి ఇటుకలతో కొట్టారు. ఒక కానిస్టేబులుకు ముందు పళ్ళు రాలిపోయాయి. పోలీసులు లాఠీలతో విరుచుకుపడి ఆడవాళ్ళని జుట్టు పట్టి గట్టు మీద నుంచి ఎండు కాలువలోకి ఈడ్చారు. నేను జీపు దిగింది అప్పుడు.

మొదటి దెబ్బకు మోకాళ్ళ మీద కూలబడ్డాను. లస్కరు నా మీదికి వంగి అడిగాడు, గొంతు పెద్దది చెయ్యకుండానే.

"కుడి అని రాసిందెవరు?"

"నేనే రాశాను."

రెండో దెబ్బ తల మీద పడింది. పంతొమ్మిది కుట్లు వేశారు. కుట్ల సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనిపించింది, నలుగురు కానిస్టేబుళ్ళు ఆయనను కింద పడేసి కొట్టడం. పద్నాలుగు వరకు లెక్కపెట్టాను. తర్వాత స్పృహ లేదు.

మూడో రోజు ఆస్పత్రికి మా పై అధికారి వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"వాడి మీద హత్యాయత్నం కేసు పెట్టారు. గుంపు దాడి చేసింది, మిమ్మల్ని చంపబోయాడు. మీరు అంతవరకు చెప్తే చాలు."

"గట్టు తప్పు జరిగింది కదండీ."

"గట్టు సంగతి ఇప్పుడెందుకండీ? ఆక్రమణలే కదా, ఏ గట్టయితే ఏం?"

"కూల్చడం సక్రమమేనంటే, ఆయన ఊరికే చంపబోయినట్టు అవుతుంది."

"అవనివ్వండి. మీరు తప్పొప్పుకుంటే కాలువ పని మీ చేతిలో ఉండదు. ఆరేళ్ళు పడ్డ కష్టం. ఆలోచించుకోండి."

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చాడు. ఉత్తర్వు నాదేనని, జాబితా జతచేయనిది నేనేనని, కూల్చింది కూల్చకూడని ఇళ్ళని చెప్పాను. ఆయన మొహం ముడుచుకునే రాసుకున్నాడు. దెబ్బల దగ్గర "విచక్షణారహితంగా పలుమార్లు" అని ముందే రాసి తెచ్చాడు. ఆ మాటలు కొట్టేయమన్నాను.

"రెండు."

"తల పగిలింది కదా మేడం, రెండేనని ఎలా చెప్పగలరు?"

"రెండోదాంతోనే పగిలింది."

వారం తిరక్కుండా నన్ను బదిలీ చేశారు. ఒకటో తారీకున సీసాల్లో నీళ్ళు పట్టడం ఆ నెలతో ఆగిపోయింది.

కోర్టులో నా సాక్ష్యానికి రెండు రోజుల ముందు లస్కరు భార్య మా ఇంటికి వచ్చింది. కాలు మోకాలి దాకా తీసేశారు. చంకల్లో కర్రలు పెట్టుకుని పద్దెనిమిది మెట్లు ఎక్కి వచ్చింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"ఒక్కటే కొట్టాడని చెప్పండమ్మా. కోపంలో ఒకటి వేస్తే జడ్జి గారికైనా అర్థమవుద్దని లాయరు గారన్నారు."

"రెండు కొట్టాడమ్మా."

"నాకు తెలుసండీ. ఆయనే చెప్పాడు. మీరు 'నేనే' అన్నాక ఇంకోటి కొట్టానన్నాడు."

"మరి నేనెలా మార్చి చెప్పను?"

ఆమె కర్రలు సర్దుకుంది. "నలభై ఒక్క ఇళ్ళ నంబర్లు కాగితం మీద రాయడానికి మీకు తీరిక లేకపోయింది. రెండు దెబ్బలు మాత్రం మర్చిపోలేరు."

 

బోనులో నిలబడి రెండు అని చెప్పాను. రెండింటికీ మధ్య ఏమైనా మాట్లాడాడా అని జడ్జి గారు అడిగారు. లస్కరు అడిగిందీ నేను చెప్పిందీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఇళ్ళు తప్పుగా కూల్చారని నేను ఒప్పుకోబట్టి హత్యాయత్నం నిలవలేదు. తీవ్రంగా గాయపరిచినందుకు రెండేళ్ళు వేశారు. తీర్పు నకలు తీసుకుని చదివాను. మొదటి దెబ్బ ఆవేశంలో వేసినదిగా భావించవచ్చని, రెండోది ప్రశ్న అడిగి, జవాబు విన్న తర్వాత వేసినదని అందులో ఉంది. ఆ ప్రశ్న సంగతి కోర్టుకు నేను తప్ప ఎవరూ చెప్పలేదు.

తీర్పు రోజు లస్కరును వ్యాను ఎక్కించబోతే కాళ్ళు తన్నిపెట్టి మొరాయించాడు. ఇద్దరు మెడ వంచి తోశారు. తలుపు ఇనుముకు నుదురు కొట్టుకుని రక్తం కళ్ళలోకి దిగింది. భార్య అటు ఉరకబోయి కర్రలు జారి కోర్టు మెట్ల మీద పడింది. లేపుదామని వంగాను. పడినచోటి నుంచే ఒక కర్ర అందుకుని బలమంతా పెట్టి నా మోకాలి మీద కొట్టింది. నేనూ పక్కనే కూలబడ్డాను.

కానిస్టేబులు పరుగున వచ్చాడు. "కొట్టిందా మేడం? ఈమె మీద కూడా రాయమంటారా?"

"లేదు. మెట్టు చూసుకోలేదు, జారాను" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. మొహం ఏమీ మెత్తబడలేదు. నేనిచ్చిన చెయ్యి పట్టుకోకుండా, గోడ ఆసరాతో తనే లేచింది.