ఏడాది తిరగకముందే ఏర్కాడు

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు ప్రయాణాలు తక్కువ. చుట్టాలే దర్శనానికని మన ఇంటికి వస్తారు. ముప్పై ఏళ్లుగా మా అమ్మ వాళ్లకు పక్కలు పరిచి, కాఫీలిచ్చి, పులిహోర పొట్లాలు కట్టి పంపింది. నాయన వాళ్లను కొండ బస్సు ఎక్కించి వచ్చేవాడు.

పోయిన చలికాలంలో నాయన చనిపోయాడు. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా దేవుడున్న కొండ ఎక్కరు. చుట్టాలు మాత్రం వస్తూనే ఉన్నారు. అమ్మ వాళ్లను గేటు దాకా సాగనంపి, లోపలికొచ్చి పడుకునేది. వీధి చివరి కొట్టుకు పోవడం కూడా మానేసింది. ఎలాగైనా ఆమెను ఒకసారి ఇల్లు కదిలించాలని నేనూ మా మేనమామా అనుకున్నాం. సేలం పైన కొండమీద, చెరువు ఒడ్డున ఉన్న ఏర్కాడు ఆయన ఎంపిక.

"ఆడ గుడి లేదు కదరా?" అని అమ్మ ఫోన్లో అడిగింది.

"చెరువుండాది, కాఫీ తోటలుండాయి. అంతే అక్కా" అన్నాడు మామ. ఆయన కూడా అంతకుముందు ఏర్కాడు చూసినవాడు కాదు.

ఆగస్టులో ఒక మంగళవారం తెల్లవారి ఐదున్నరకు బయల్దేరాం. కారు నేనే నడిపాను. పూతలపట్టు కూడలిలో మామ చేతిలో వేరుసెనగకాయల సంచితో నిలబడి ఉన్నాడు. చిత్తూరు దాటాక ఎండ వచ్చింది. వేలూరులో ఇడ్లీ, పొంగలి తిన్నాం. సాంబారు బాగుంది, అమ్మ రెండోసారి అడగలేదు, కానీ మామ గిన్నెలోది తీసుకుంది. కృష్ణగిరి దాకా దారి చదును. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్‌లో లారీలు నెమ్మదిగా దిగుతుంటాయి, వాటిని తొందరపెట్టకుండా పోవడం మంచిది. మధ్యాహ్నానికి సేలం చేరాం.

ఏర్కాడు కొండ మొదట్లో చెక్‌పోస్టు పక్కన ఒక టీ కొట్టు ఉంది. అక్కడ ఆగడమే మేం చేసిన పొరపాటు. అమ్మ చిత్తూరు మనిషి, అరవం వచ్చు. పైన గుడి ఉందా అని కొట్టు యజమానిని అడిగింది.

ఆయన గ్లాసు కింద పెట్టి మరీ చెప్పాడు. "లేకపోవడమేందమ్మా! సేర్వరాయన్ స్వామి. ఈ కొండంతా ఆయనదే. శానా శక్తి."

అమ్మ బెంచీ మీద కూర్చుంది. "మీరు పోయి రాండి. నేను ఈడే ఉంటా."

"సాయంకాలం దాకానా?" అన్నాను.

"ఉంటా. టీ దొరుకుతాది కదా."

మామ నచ్చజెప్పబోయాడు. "అక్కా, ఆ స్వామికీ మనకూ ముఖ పరిచయం కూడా లేదు. మనింట్లో ఎవరు పోయినారో ఆయనకేం తెలుసు?"

"అది తెలీకపోతే ఆయన స్వామి ఎట్లయితాడురా? నోరు మూసుకోని సెనక్కాయలు తిను."

ఇంతదూరం వచ్చి తిరిగిపోతే అమ్మ మళ్లీ గడప దాటదని నాకు తెలుసు. కానీ బలవంతం చేసి కారెక్కించే మనిషి కాదు. నేను రెండో టీ చెప్పాను.

బెంచీకి అటు చివర ఒకామె దాదాపు ఖాళీ అయిన బుట్ట పక్కన పెట్టుకుని పైకి పోయే బస్సు కోసం చూస్తోంది. పొద్దున కమలాపండ్లు తెచ్చి ఇక్కడ అమ్ముకుందట. సేలం తెలుగువాళ్ల మనిషి. అమ్మ ఆమెతో మాట కలిపింది. పిల్లలెంతమంది, ఇల్లెక్కడ అని మొదలై, ఇంటాయన ఏం చేస్తాడన్న దగ్గరికి వచ్చింది.

"పోయినాడక్కా. పంగుని నెలలో. జరం వచ్చింది, పోయినాడు."

"ఏడాది కాలేదే!" అంది అమ్మ. "మరి పైకి పోతా ఉండావే?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. అమ్మ మొహంలోకీ నా మొహంలోకీ చూసింది. "మా ఇల్లు ఆడే కదక్కా. ఇంకెక్కడికి పోయేది?"

అమ్మ గ్లాసులో మిగిలిన టీ తాగింది. లేచి కారు వెనక తలుపు తీసింది.

"ఎక్కు మే. బస్సు ఎప్పుడొస్తాదో. బుట్ట మా తమ్ముడి ఒళ్లో పెట్టు."

కారు కదలగానే అమ్మ చెప్పులు విప్పి సీటు కిందికి తోసింది. మా ఊళ్లో కొండెక్కేటప్పుడు చేసే పనే అది. పెద్ద మలుపులు ఇరవై. ప్రతి మలుపులోనూ అంకె రాసిన పలక ఉంటుంది. పైకి పోయేకొద్దీ చల్లబడింది; సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. వెనక సీట్లో ఇద్దరూ ధనియాల ధర మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఊరి మొదట్లో ఆమె దిగి, బుట్ట అడుగున మిగిలిన రెండు పండ్లు అమ్మ చేతిలో పెట్టింది.

వారం మధ్యలో కాబట్టి చెరువెదురుగా గది సులువుగా దొరికింది. నాలుగింటికి పడవల దగ్గరికి పోయాం. మామకు నీళ్లంటే భయం.

"నేను గట్టున ఉండి మీ చెప్పులు సూసుకుంటా."

"నేను చెప్పులేసుకొస్తే కదరా సూసేదానికి!" అంది అమ్మ.

తొక్కే పడవలో ఇద్దరం కూర్చున్నాం. అమ్మ కాళ్లకు లయ కుదరక పడవ కాసేపు గుండ్రంగా తిరిగింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు విని చాలా నెలలైంది. దాని గురించి ఇంతకన్నా రాయను. చెరువు మధ్యకు చేరాక ఒక పండు ఒలిచి సగం నాకిచ్చింది.

"మీ నాయనకు పులుపు పడదు. అయినా తినేవాడు."

మరునాడు భోంచేసి దిగాం. స్వామి గుడివైపు పోలేదు. కానీ దిగే ముందు కారు ఆపించి, అమ్మ ఆ దిక్కుకు ఒక దండం పెట్టింది.

చీకటి పడుతుండగా పూతలపట్టులో మామను దించి కాఫీ తాగుతుంటే అమ్మ ఫోను మోగింది. నెల్లూరు నుంచి పిన్ని. శనివారం నలుగురు దర్శనానికి వస్తున్నారట.

"రాండి రాండి" అంది అమ్మ ఎప్పటిలాగే. "తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోతా. పాలు ఫ్రిజ్‌లో ఉంటాయి. కాఫీ మీరే పెట్టుకోండి, మేం ఊళ్లో ఉండం."

ఎక్కడికి పోతున్నామని నేను అడిగాను.

"నాకేం తెలుసు? మీ మామనడుగు. ఈతూరి ముందుగా ఆ ఊరు సూసొచ్చి చెప్పమను."

చంద్రగిరి దాటాక మా కొండమీది దీపాలు కనిపించాయి. అమ్మ కిటికీ అద్దం దించి చూసి, నిన్న విప్పిన చెప్పుల కోసం సీటు కింద వెతుక్కుంది.