"తియ్యాల్నా?" అని అడిగే సిస్టరమ్మ

పోయిన మంగళవారం పొద్దున మా వీధి వాట్సాప్ గ్రూపులో సిస్టరమ్మ పోయిందన్న కబురు వచ్చింది. టీ చల్లారేలోపే ఒకరి తర్వాత ఒకరు దండాలు, ఏడుపు బొమ్మలు పెట్టారు. ఆర్నెల్ల కింద "మూలుగ ఇస్తే మనిషి మంచాన పడ్తడట" అని అదే గ్రూపులో టైపు చేసింది కూడా ఆ వేళ్లే. వేళ్లకు సిగ్గుండదు కదా.

సూర్యాపేటలో ముప్పై ఏళ్లు సర్కారు నర్సుగా చేసిన ఆమెను మేమంతా సిస్టరమ్మ అనే పిలిచాం. రక్తం తీసే ముందు సూది పట్టుకుని "తియ్యాల్నా?" అని అడిగేది. అడిగి, జవాబు కోసం ఆగేది. చివ్వెంల నుంచి వరి నాటు మధ్యలో వచ్చిన కూలి మనిషినీ అట్లాగే అడిగేది. డాక్టర్ రాశాక ఇంకా అడుగుడెందుకని చిన్నప్పుడు నేనంటే, "రాసింది డాక్టరు. చెయ్యి నీది బిడ్డా," అంది.

రిటైరయిన ఏడాదికే ఆమె రక్తానికే జబ్బు వచ్చింది. వేరే మనిషి ఎముక మూలుగ ఎక్కిస్తేనే బతుకుతుందన్నారు. పెళ్లి చేసుకోలేదు. ఉన్నది ఒక్క తమ్ముడు, మిర్యాలగూడలో బియ్యం దుకాణం. తమ్ముడి మూలుగ సరిగ్గా కలిసిందని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. ఆమె అందర్నీ బయటికి పంపి తమ్ముణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టింది. కారు తోలుకొచ్చింది నేనే కాబట్టి తలుపవతల నిలబడి విన్నాను.

"నీ వెన్నుపూస ఎవ్వరు ముట్టరు. నాలుగైదు రోజులు సూదులేస్తరు, ఒళ్లు నొప్పులుంటయ్. ఇగ చేతి నుంచి రక్తం తీసి, కావాల్సింది పట్టుకుని మిగిలింది నీకే ఎక్కిస్తరు. ఇచ్చింది మళ్ల ఊరుతది. వద్దనాలనిపిస్తే ఇప్పుడే అను. నాకేసే మందులు నా మూలుగను చంపేస్తయ్, అవి మొదలైనంక అంటే నేను దక్క. ఇస్తవా?"

"ఇస్తనే అక్కా," అన్నాడు.

నాది ఫ్లెక్సీల దుకాణం. ఇంత మాట విన్నాక ఊరుకుంటానా? తమ్ముడి ఫోటో నిలువెత్తు చేసి, "ప్రాణదాత" అని రాసి, అడుగున మా వీధి పెద్దమనుషుల మొహాలు వరసగా పేర్చి, అతని దుకాణం ముందే కట్టించాను. ఒక్క చుక్క ఇవ్వకముందే శాలువా కూడా కప్పాం. మా దగ్గర పని తర్వాత, శాలువా ముందు.

సిస్టరమ్మ ఫోన్ చేసింది. "గా ఫ్లెక్సీ తీసెయ్యి బిడ్డా. అది ఉంటే వాడు వద్దనలేడు. బలవంతంగ గుంజుకుంటే అది దానమెట్లయితది?"

"పది రోజులుండనియ్యి సిస్టరమ్మా. జనం మస్తు మెచ్చుకుంటున్రు," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

జనం మెచ్చుకుని ఊరుకుంటారా? బియ్యానికి వచ్చిన ప్రతివాడూ ఫ్లెక్సీ చదివి అక్కడికక్కడే డాక్టరయ్యాడు. వెన్నుకు బోరేస్తరట అన్నాడొకడు. నడుం పడిపోతదట, పెండ్లాన్ని అడిగినవా అన్నాడింకొకడు. ఆదివారం ఆదివారం మటన్ బొక్కలో మూలుగ జుర్రుకునే నోళ్లే అన్నీ.

సూదులు మొదలుపెట్టాల్సిన పొద్దున నేను కారు తీసుకుని వెళితే దుకాణానికి తాళం. ఫోన్ స్విచాఫ్. కోదాడలో ఉండే బావమరిదికి చేశాను. "మా బావ ఇక్కడికి రాలేదండీ," అన్నాడు మర్యాదగా. వెనకనుంచి టీవీ సౌండు తగ్గించమంటున్న గొంతు మాత్రం మా ప్రాణదాతదే.

సిస్టరమ్మ దగ్గరికి వెళ్లి ఆమె తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె చివరిదాకా విన్నది.

"తిట్టకు. వద్దనే హక్కు వానికున్నది. నా మందులు మొదలుగాకముందే తప్పుకున్నడు, గంతే నయం. గని దొంగలెక్క దాక్కునే గతి మీరే తెచ్చిన్రు." మళ్లీ తనే, "నాకు బతకాలనే ఉండె బిడ్డా," అంది. అదొక్కసారే అన్నది.

బయటి దాతల జాబితాలో వెతికారు. ఎవరైనా కలిసేలోపే జబ్బు ముదిరింది.

ఆమె పోయిన మర్నాడు తమ్ముడు నా దుకాణానికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగట్లేదు.

"అక్క ఫ్లెక్సీ ఎయ్యాలె తమ్మీ. అడుగున నా ఫోటో పెట్టు, వీధిలోళ్లవి కూడా."

కంప్యూటర్ తెరిచాను. అతని ఫోటో పాత ఫైళ్లలోనే ఉంది, మేం కప్పిన శాలువాతో. తిట్లన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఆమె సూది పట్టుకుని ఆగడం గుర్తొచ్చింది.

"పెట్టాల్నా అన్నా?" అని అడిగి ఆగాను.

తెర మీద తన ఒంటి మీది శాలువా చూశాడు. "వద్దు," అన్నాడు.

సరే అన్నాను. వీధి పెద్దల మొహాలు నేనే తీసేశాను. మూలన ఎప్పుడూ వేసుకునే నా దుకాణం పేరు కూడా తీసేశాను. ఇప్పుడు సిస్టరమ్మ గేటుకు కట్టి ఉన్న ఫ్లెక్సీలో తెల్ల చీరలో ఆమె ఒక్కతే ఉంది. కింద మేమంతా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.