మామిడాకుల మెషీన్

కొత్తగా జీతం చేతికొచ్చే రోజుల్లో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ప్రతి కష్టానికీ ఎక్కడో ఒక మెషీన్ అమ్ముతూనే ఉంటారనీ, సరైనది ఎంచుకోవడమే మన పని అనీ గట్టి నమ్మకం కుదురుతుంది. అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ జబ్బు నాకు బాగా ముదిరింది. వంట సరిగ్గా రాని ఇంట్లో గ్రైండరూ, రొట్టెలు చేసే మెషీనూ పక్కపక్కనే కొలువుండేవి. నాకు తోడు మా రూమ్మేట్ ఒకడు. వరంగల్ వాడు. టూత్‌బ్రష్ కొనాలన్నా ఊరందరి అభిప్రాయాలూ చదివిగాని కొనడు కాబట్టి వాణ్ణి రివ్యూ రావు అనేవాళ్ళం. (వాడి పేరులో రావు లేదు. ప్రాస కోసం మేమే తగిలించాం.)

మా పై ఫ్లాట్‌లో ఒక అక్క ఉండేది. చుట్టరికమేమీ లేదు. తెనాలి నుంచి వచ్చిన ఆవిడ మా మొహాల్లో ఆకలి కనిపెట్టి ఆదివారం ఆదివారం పప్పుచారు గిన్నె పంపడం మొదలుపెట్టింది, మేం అక్కా అనడం మొదలుపెట్టాం. ఆవిడకి ఏడో నెల. సీమంతానికి వాళ్ళమ్మ రావాల్సింది. వీసా ఇంటర్వ్యూ తేదీ సీమంతం దాటాక దొరికింది. అక్క ఏడవలేదు గాని మాట్లాడ్డం తగ్గించేసింది. వాళ్ళమ్మ మాత్రం ఫోన్లో రోజూ ఒకటే గొడవ: "నేను లేకపోతే పోనీ, గుమ్మానికి మామిడాకులైనా కడతారా? బోసిగుమ్మంతో సీమంతమేంటే." ఖర్మకాలి ఆ వారం ఇండియన్ షాపులో మామిడాకులు రాలేదు. ప్లాస్టిక్ తోరణాలు బోలెడున్నాయి. అక్క వాటిని ఒకసారి తడిమి చూసి, "వద్దులేరా. దీనికన్నా ఉత్త గుమ్మమే నయం" అంది. ఆలోచించకుండా, "నేను చేస్తానక్కా, కాగితంతో. అచ్చం మామిడాకుల్లాగే, ఈనెలతో సహా" అనేశాను. స్కూల్లో నా డ్రాయింగ్ మార్కులు తెలిసుంటే ఆవిడ అక్కడే ఆపేసేది.

మాటయితే ఇచ్చాను గాని కత్తెర పట్టుకుంటే ఆకులకి బదులు అరటికాయలు వచ్చాయి. అప్పుడు తెలిసింది, కాగితం కోసే డిజిటల్ మెషీన్లని ఉంటాయని. చూడ్డానికి ప్రింటర్‌లా ఉంటుంది, సిరా బదులు బుల్లి బ్లేడు. ఫోన్లోంచి బొమ్మ పంపితే దాని అంచు వెంబడి కాగితాన్ని కోసిపెడుతుంది. వీడియోలో ఒకావిడ దాంతో అరచేతిలో వైకుంఠం చూపించింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని అక్క వాళ్ళాయన, అంటే మా బావగారు, నవ్వారు. మేం వినే స్థితిలో లేం. రివ్యూ రావు అన్నీ చదివేసి తీర్పు చెప్పాడు. "చిన్నది మందం పేపర్‌కి ఆగదంట. పెద్దది జాగ మస్తు తింటది. ముందుగాల చిన్నది తెద్దాం, నచ్చకుంటే రిటర్న్ చేద్దాం. డబ్బా పారెయ్యకు, స్టిక్కర్లు పీకకు, కవర్లు గిట్ల తియ్యకు. కొత్తగ ఉంటేనే వాపస్ తీస్కుంటరు." నాకు అది వేదవాక్కులా వినిపించింది. టీవీ రిమోట్‌ని జీవితాంతం కవర్లోనే పెంచిన వంశం మాది.

ఈ మెషీన్‌తో పాటు మ్యాట్ అని ఒక ప్లాస్టిక్ పలక ఇస్తారు. కాగితాన్ని దాని మీద పరిచి లోపలికి తోయాలి. వీడియో ఆవిడ అరచేత్తో ఇలా నిమరగానే కాగితం బుద్ధిగా అతుక్కుంది. మేం నిమిరాం, బుజ్జగించాం, చివరికి దాని మీద బియ్యం బస్తా పెట్టి అదిమాం. ఏం లాభం, బ్లేడు దిగగానే కాగితం దాంతో పాటే ఊరేగింపుకి బయల్దేరి, మూలకి పోయి ముడుచుకుంది. "మెషీన్ల దమ్ము లేదురా" అన్నాడు రివ్యూ రావు. తీసుకెళ్ళి తిరిగిచ్చేసి, పెద్దది తెచ్చాం. పెద్దది మరింత బలంగా చించింది. నాలుగు వైపులా టేపు వేస్తే ఆకులు వచ్చాయి, మేక నమిలి ఉమ్మేసినట్టు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్నీ తిట్టి, పెట్టెలో పెట్టి మళ్ళీ షాపుకి పట్టుకెళ్ళాం. కౌంటర్లో ఉన్న పెద్దావిడ పెట్టె తెరిచి చూసి, వస్తువుని ఇంత శుభ్రంగా వాడే కస్టమర్లు ఈ రోజుల్లో అరుదని మమ్మల్ని మెచ్చుకుంది. (మేం సిగ్గుపడుతూ థాంక్స్ కూడా చెప్పాం.) ఇంకో కంపెనీ మెషీన్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాం.

అప్పటికి శుక్రవారం సాయంత్రమైంది. తెల్లారితే సీమంతం. మూడో మెషీనూ ముందు రెండింటి దారే పట్టింది. నేల నిండా ఆకుపచ్చ ముక్కలు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. వాళ్ళమ్మ లేని లోటు ఎలాగూ తీర్చలేను, కనీసం ఆ గుమ్మమైనా బోసిగా ఉండకుండా చేద్దామనుకుంటే అదీ నా చేతకాలేదు. ఈ మాట అక్కకి ఏ మొహంతో చెప్పాలా అని చూస్తుంటే ఆవిడే పులిహోర గిన్నెతో దిగింది. ముక్కలు చూసింది, మా మొహాలు చూసింది, కుర్చీలో కూర్చుని మ్యాట్‌ని ఒళ్ళోకి తీసుకుంది. మేం మెషీన్ మీద చాడీలు చెబుతుంటే వింటూ, దాని మూలని గోటితో గీకుతోంది.

"ఇదేంట్రా, ఇక్కడ లేస్తోంది?"

"అది కవర్ అక్కా. తియ్యకు, మళ్ళా రిటర్న్ తీస్కోరు" అని రివ్యూ రావు పరుగున వచ్చాడు.

అప్పటికే ఆవిడ సర్రున లాగేసింది. పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి చేతిలోకొచ్చింది. కింద మ్యాట్ నిండా జిగురు. కాగితం పట్టుకునేది ఆ జిగురేనని, అది ఎండిపోకుండా పైన ఆ పొర వేస్తారని మా ఇద్దరికీ అప్పటికి అర్థమైంది. అక్క మా వైపు చూసి, "చాక్లెట్ కాగితంతో సహా నమిలి, తీపి లేదన్నట్టుందిరా మీ పని" అంది. అని, నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేను కంగారుపడి బావగారికి ఫోన్ చెయ్యనా అంటే, "ఉండరా, లోపలిది కూడా తంతోంది" అని మళ్ళీ నవ్వింది. వీసా కబురు వచ్చాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. తర్వాత ఆవిడే కాగితం అతికించి లోపలికి తోసింది. మెషీన్ గుర్రుమంటూ ఆకులు కోసింది, ఈనెలతో సహా.

మర్నాడు పొద్దున గాజులు తొడిగే ముందు వాళ్ళమ్మ వీడియోలోకి వచ్చింది. పలకరింపులు కూడా కాకముందే, "ఏదీ, గుమ్మం చూపించండి" అంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. తోరణం వైపు తిప్పాను, మరీ దగ్గరికి పోకుండా. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, తెరకి దగ్గరగా వచ్చి చాలాసేపు చూసింది.

"మరీ ముదురాకులు తెచ్చారేంటే. కాస్త లేతవి చూసి కోయాల్సింది."

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది.

"ఇక్కడ ముదురువే దొరుకుతాయమ్మా."

"పోన్లే తల్లీ. దొరికాయి, అదే చాలు" అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇక కూర్చో. నేను చూస్తూనే ఉంటాను."

అక్క పీట మీద కూర్చుంది. రివ్యూ రావు వంటింట్లోకి పోయి ముక్కు చీదుకోవడం నాకు వినిపించింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గుమ్మం పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మెషీన్ ఎంచుకోవడం వాడికి చివరిదాకా రాలేదు. మూడూ మంచివే పాపం, మూడింటికీ చెడ్డపేరు తెచ్చాడు. ఆ తర్వాత ఆఫీసులో నా పనికి మెచ్చుకోళ్ళు చాలానే వచ్చాయి. కాని ఆకులు కోయడం రాదని ఆ తల్లి పెట్టిన చీవాట్లకి ఉబ్బినంతగా నేను మళ్ళీ ఎప్పుడూ ఉబ్బలేదు.